బెజవాడ పూల బజారులో శ్రావణం

మా కరీంనగర్ వైపు పూలంటే ముందు గుర్తొచ్చేది బతుకమ్మ. తంగేడు, గునుగు చేల గట్ల మీద కోసుకొచ్చుకున్నవే. చిన్నప్పుడు పూలకు డబ్బులిస్తారన్న సంగతే నాకు తెలియదు. అందుకేనేమో, పూలు లారీల్లోంచి దిగి, కాటా మీద తూగి, గంటగంటకూ రేటు మారే బజారును దగ్గరుండి చూడాలని ఎప్పటినుంచో కోరిక. మా మేనత్త ఉండేది విజయవాడ సత్యనారాయణపురంలో. మామయ్య రైల్వేలో పనిచేసి రిటైరయ్యాక అక్కడే స్థిరపడ్డారు. "వస్తే వరలక్ష్మీ వ్రతం ముందు రావే, అప్పుడు చూడాలి పూల మార్కెట్టు" అని అత్త రెండేళ్ళుగా పిలుస్తోంది. ఈ శ్రావణంలో కుదిరింది. తిరిగి ఇంటికొచ్చి రెండు రోజులైంది, చీర కొంగుకు ఇంకా మరువం వాసన పోలేదు. అది పోకముందే రాసేస్తున్నాను.

ఆగస్టు 6, బుధవారం

"రేపు తెల్లవారుజామున ఇద్దరం వెళ్దాం, ఇవాళ పడుకో" అని అత్త చెబుతూనే ఉంది. ఆగలేక సాయంత్రం నాలుగింటికి ఒక్కదాన్నే బయల్దేరాను. ఆటో అతనికి "పూల మార్కెట్" అని చెప్పాను. నూట ఇరవై తీసుకుని దుర్గ గుడి కింద పూజా సామాన్ల కొట్ల దగ్గర దించాడు. "ఇవే పూలమ్మా" అన్నాడు. కొట్ల ముందు పూలయితే ఉన్నాయి కానీ, అన్నీ కొబ్బరికాయతో పాటు బుట్టలో పెట్టి ఇచ్చేవే. ఒక కొట్టావిడ నా మొహం చూసి, "మీకు కావాల్సింది హోల్‌సేలా? అది వన్ టౌన్‌లోనండి, కాళేశ్వరరావు మార్కెట్ వైపు. ఇలా నడుచుకుంటూ వెళ్ళిపోండి, అడుగుతూ వెళ్ళండి" అంది.

నడిచాను. దారి తప్పడం వల్ల వన్ టౌన్ చూశాను. సందులన్నీ ఇరుకు. ఇత్తడి సామాన్ల కొట్టు పక్కనే పసుపు కుంకుమల కొట్టు, దాన్ని ఆనుకుని చీరల కొట్టు. వ్రతం దగ్గర పడిందేమో, ఎక్కడ చూసినా అమ్మవారి ముఖాలు, చిన్న చిన్న జడలు, బొమ్మలకు కట్టే పట్టు చీరలు. కాళేశ్వరరావు మార్కెట్ అంటే అయ్యదేవర కాళేశ్వరరావు గారి పేరు. ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఆయన తొలి స్పీకరు. ఇక్కడివాళ్ళు ఆ పేరు రోజుకు వందసార్లు పలుకుతారు, కూరగాయలకీ, కొబ్బరికాయలకీ.

హోల్‌సేల్ పూల మార్కెట్‌కు రాజీవ్ గాంధీ పేరు పెట్టారు. నేను చేరేసరికి ఐదున్నర. లోపల ఒక్క బేరం లేదు. నేలంతా తడి. తొక్కుడుపడి నల్లబడ్డ బంతి రేకులు కుప్పగా ఊడ్చిపెట్టి ఉన్నాయి. ఓ ఆవు ఆ కుప్పలోంచి ఏరుకుని తింటోంది. చీపురు పట్టుకున్న పెద్దాయన ఆగి, "ఇప్పుడేముంటాయమ్మా, అంతా అయిపోయింది. పొద్దున నాలుక్కల్లా రండి. తెల్లారాక వస్తే మిగిలినవి చూస్తారు" అన్నాడు. ఏ ఊరని అడిగాడు. చెప్పగానే, "బతుకమ్మోళ్ళు! మీకెన్ని పూలు కావాలో కదా!" అని నవ్వాడు. ఆ మాట నాకు చాలా ఇష్టమైంది.

తిరిగొస్తూ రోడ్డు పక్క బండి దగ్గర పునుగులు తిన్నాను, ప్లేటు ముప్ఫై రూపాయలు. పైన కరకరలాడుతూ, లోపల మెత్తగా. అల్లం చట్నీ ఘాటుకు ముక్కు కారింది. "ఇంకొంచెం వెయ్యమంటారా?" అని బండివాడు అడక్కుండానే చట్నీ గరిటె ఎత్తాడు. వెళ్ళేటప్పుడు ఆటోకిచ్చిన దాంట్లో సగంతో ఇల్లు చేరాను. ఈ ఊళ్ళో ఎక్కే ముందే రేటు మాట్లాడుకోవాలని అత్త తర్వాత చెప్పింది.

ఆగస్టు 7, గురువారం

మూడున్నరకు అత్త లేపింది. వీధిలో చీకటి, పైన చిన్న తుంపర. మార్కెట్ దగ్గర పడుతుండగా ముందు వాసన తగిలింది. మల్లెల వాసన వస్తుందనుకున్నాను. ముందొచ్చింది మాత్రం తడిసిన గోనెసంచి వాసన, ఐసు చల్లదనం, నలిగిన ఆకు పసరు. ఆ తర్వాతే ఎక్కడినుంచో మరువం. మల్లెల సీజన్ ఎండాకాలంలోనే అయిపోతుంది. శ్రావణంలో వచ్చే కాసిని మల్లెమొగ్గలు థర్మాకోల్ పెట్టెల్లో, ఐసు మధ్య దాక్కుని వస్తాయి.

లోపలికి వెళ్ళగానే కళ్ళు చెదిరాయి. ట్యూబ్‌లైట్ల కింద పసుపు బంతి ఒక గుట్ట, నారింజ బంతి ఒక గుట్ట. చామంతి బస్తాలు విప్పుతుంటే లోపలి వేడికి ఆవిరి లేస్తోంది. చిక్కబళ్ళాపూర్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చాయట. గులాబీలు బెంగళూరు వైపువి. కడియం వైపు నుంచి కొన్ని. కనకాంబరాలు మాత్రం చాలావరకు చుట్టుపక్కలవే, మంగళగిరి దగ్గర నిడమర్రు, బేతపూడి పొలాల నుంచి తడిగుడ్డల్లో మూటగట్టి బైకుల మీద తెస్తారు. ఇక్కడ లిల్లీ అంటే నేల సంపెంగే. దండల్లో గుచ్చేది ఎక్కువ అదే.

"జరగండి, జరగండి!" అంటూ హమాలీలు తలమీద గంపలతో పరుగెత్తుతుంటారు. వాళ్ళకు కనిపించేది ముందున్న రెండడుగుల నేల మాత్రమే. ఒక కుర్రాడు పెద్ద కెమెరా పట్టుకుని సరిగ్గా దారి మధ్యలో మోకాలి మీద కూర్చున్నాడు. బంతి గంప మోస్తున్న మనిషి అతన్ని తప్పించబోయి తూలాడు. గంప ఒరిగి పూలన్నీ బురదలో పడ్డాయి. ఆ మనిషి తిట్టలేదు. వంగి ఏరడం మొదలుపెట్టాడు. కుర్రాడు కెమెరా మెడలో వేసుకుని తనూ ఏరాడు, మేమూ ఏరాం. బురదంటిన పూలు ఓ రెండు కిలోలుంటాయి, వాటిని ఎవరూ కొనరు. వాటి డబ్బు ఎవరి లెక్కలో పడిందో నేను చూడలేదు. చూడటానికి వచ్చినవాళ్ళం గోడవారన నిలబడాలి. అక్కడ కూర్చున్నవాళ్ళను "కాసేపు ఇక్కడ నిల్చోనా అండి" అని అడిగితే ఎవరూ కాదనలేదు. అడగకుండా ఫోన్ ఎత్తితే మాత్రం మొహం తిప్పుకుంటున్నారు.

అలా అడిగి, ఒక కనకాంబరాల కమీషన్ వ్యాపారి కాటా పక్కన అరగంట నిలబడ్డాను. రైతు మూట విప్పగానే ఆయన చేత్తో తీయడు. ముందు గుడ్డ తడి చూస్తాడు. నీళ్ళు ఎక్కువ చల్లితే తూకం పెరుగుతుంది, పువ్వు కుళ్ళుతుంది. గుడ్డ పిండి చూసి, "ఇది నిన్న సాయంత్రం కోసింది కాదు, పొద్దున్నది" అని ఒక మూట పక్కన పెట్టాడు. రైతు ఒప్పుకోలేదు. ఇద్దరూ గొంతులు పెంచారు, మళ్ళీ తగ్గించారు, చివరికి కిలోకు వంద తగ్గించి తూచారు. కనకాంబరం ఎంత తేలికో అక్కడ తెలిసింది. ఎలక్ట్రానిక్ కాటా మీద నా పిడికిట్లో పట్టినన్ని పోసి చూపించాడు. అంకె కదిలీ కదలనట్టు కదిలింది. ఒక కిలో కావాలంటే ఎన్నిసార్లు వంగి కొయ్యాలి!

నాలుగున్నరకు కనకాంబరం కిలో 1,400 పలికింది. ఆరింటికి 1,800. "రేపు వ్రతం కదమ్మా, ఇవాళ ఎంతంటే అంత. మామూలు రోజుల్లో దీంట్లో సగం కూడా రాదు. పొద్దెక్కి అమ్ముడుపోకపోతే అదీ రాదు" అన్నాడాయన. రైతుకు ఆ పద్దెనిమిది వందల్లో కమీషన్, కూలీ, దారి ఖర్చు పోగా ఎంత మిగులుతుందని అడిగాను. చేతిలో కాగితం చూపించి, "పండగ రోజు మిగులుతుంది. ఏడాదంతా ఇదే అనుకుంటే తప్పు" అన్నాడు.

చిల్లర వరుసల్లో అత్త నేర్పిన మర్యాదలు రెండు. తామరమొగ్గలు అమ్మే ఆవిడ దగ్గర ముందు మేమే బేరం చేశాం. ఒక్కోటి నలభై చెప్పింది, నేను ఇరవై అనబోతే అత్త నా చెయ్యి నొక్కింది. "బోణీ బేరం, గట్టిగా లాగకూడదే." ఒక్కోటి ముప్ఫై చొప్పున ఐదు తీసుకున్నాం. నోట్లు కళ్ళకద్దుకుని, ముందున్న పూల మీద ఒకసారి తిప్పి, పెట్టెలో వేసుకుంది. తర్వాత మొగ్గలు ఇచ్చే ముందు ఒక్కోదాన్నీ విప్పింది. పై రేకును వేలితో మెల్లగా వెనక్కి వంచి, దాని కొనను మొదట్లోకి మడిచి దోపుతుంది. అలా రెండు వరుసలు మడిచేసరికి మొగ్గ కాస్తా లోపల గులాబీరంగు దీపంలా తెరుచుకుంది. ఒక్క రేకు చిరగలేదు.

రెండోది నా వల్ల జరిగింది. పక్క బుట్టలోంచి నాలుగు జాజులు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అమ్మే పెద్దావిడ, "వాసన చూడకండమ్మా, దేవుడికి" అంది, మెత్తగానే. వాసన చూసిన పువ్వు పూజకు పనికిరాదని నాకూ తెలుసు, అయినా చెయ్యి ఆగలేదు. ఆ నాలుగూ నా జడలో పెట్టుకోమని, వాటికి డబ్బు వద్దంది. అత్త పది రూపాయలు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఆరున్నర ప్రాంతంలో ఒకతను వచ్చాడు. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని ఉన్నాడు. దండల వరుసలో ఒక కొట్టు ముందు నిలబడి, "పెద్ద దండ ఒకటి" అన్నాడు. కొట్టాయన ఏమీ అడగలేదు. వేలాడుతున్న గులాబీ దండ వైపు చూడకుండా, వెనక నుంచి బంతీ లిల్లీ కలిపి కట్టింది తీసి, ఆకులో చుట్టి, పైన విడిపూలు ఒక సంచెడు వేసి ఇచ్చాడు. ధర ఒక్కటే చెప్పాడు. అతనూ బేరం ఆడలేదు. అందరినీ "మళ్ళీ రండి" అని పంపించే మనిషి, అతను వెళ్తుంటే ఏమీ అనలేదు. చేతులు జోడించి నిలబడ్డాడు. వ్రతానికి వచ్చిన మేం నలుగురం ఆడవాళ్ళం మాటలాపి పక్కకు జరిగి దారిచ్చాం. ఐదు నిమిషాలకు మళ్ళీ బేరాలు మొదలయ్యాయి.

నేను ఎక్కువసేపు కూర్చున్నది మాత్రం మాల కట్టే ఆవిడ దగ్గర. అరవై దాటి ఉంటుంది. సింగ్‌నగర్ నుంచి వస్తుందట. నీళ్ళ గిన్నెలో నానేసిన అరటినార ఒక కొస కాలి బొటనవేలికి చుట్టి బిగిస్తుంది. ఎడమచేతి రెండు వేళ్ళ మధ్య నాలుగు కనకాంబరాలు, రెండు ఇటు, రెండు అటు, కాడలు కలిసేలా. కుడిచేత్తో నార ఒక చుట్టు, వేలి మీదుగా ఒక మెలిక, లాగుడు. ఇంత రాయడానికి పట్టిన టైములో ఆవిడ పది మెలికలు వేస్తుంది. కళ్ళు ఒక్కసారీ చేతుల మీద లేవు, నాతో మాట్లాడుతూనే ఉంది. మధ్యమధ్య ఒక మరువం రెమ్మ. దారంతో కడితే తొందరగా అవుతుంది కదా అన్నాను. "దారం పువ్వును కోస్తుంది. నార తడి పట్టుకుంటుంది, రేపు సాయంత్రం దాకా వాడదు" అంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగినప్పుడు వాళ్ళ ఇంట్లోకి నీళ్ళొచ్చాయట. మంచం, టీవీ, మనవరాలి పుస్తకాలు పోయాయి. "వినాయక చవితి ఆరు రోజులుందనగా. ఏడాది మొత్తంలో మాకు పనుండేది చవితికీ, దసరాకీ, శ్రావణానికీ. ఆ చవితికి కొనేవాళ్ళూ లేరు, కట్టేవాళ్ళూ లేరు" అంది. కాస్త ఆగి, "నార కట్ట ఒక్కటి అటక మీద ఉండి తడవలేదు. దసరాకు దాంతోనే మొదలెట్టా" అని, నాలుగు పూలు మళ్ళీ వేళ్ళ మధ్యకు తీసుకుంది.

మూర అరవై. మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా తన చేత్తోనే కొలిచింది. పొట్టి మనిషి, మూరా పొట్టిదే. నేను నా చెయ్యి పక్కన పెట్టి చూస్తుంటే గమనించి, జానెడు కొసరు వేసి తుంచింది. ఐదు మూరలు తీసుకుని మూడు వందలూ ఇచ్చాను. బేరం చెయ్యాలనిపించలేదు. అత్త కూడా ఏమీ అనలేదు.

ఎనిమిదింటికి గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్‌కు వెళ్ళాం. వేడి ఇడ్లీ మీద తెల్ల వెన్న ముద్ద, అది కరిగి జారుతుంటే కారప్పొడి ఎర్రగా దాంట్లో కలుస్తుంది. తెల్లవారుజామునుంచీ నిలబడ్డ కాళ్ళకు ఆ ప్లేటు చేసిన మేలు ఇంతా అంతా కాదు. పక్క బల్ల మీద ఇద్దరు హమాలీలు, భుజాల మీద ఇంకా బంతి రేకులతో, మాట్లాడకుండా తింటున్నారు.

ఆగస్టు 8, శుక్రవారం

ఇంట్లో వ్రతం. అత్త కలశానికి కట్టిన కనకాంబరం మాల నిన్నటిదంటే ఎవరూ నమ్మరు. తామరలు ఐదూ అమ్మవారి పాదాల దగ్గర. సాయంత్రం దాకా వాయనాలు ఇచ్చిపుచ్చుకోవడమే సరిపోయింది. పదకొండు ఇళ్ళు తిరిగాను. ఏ ఇంటికెళ్ళినా శనగలు, తాంబూలం, జడలోకి పూలు. ఈ పూలలో ఎన్ని నిన్న నా కళ్ళముందు కాటా ఎక్కి ఉంటాయో అని ప్రతి ఇంట్లోనూ అనిపించింది. ఒక ఇంట్లో పూర్ణం బూరెలు పెట్టారు. బూరెకు చిల్లి చేసి అందులో నెయ్యి పోసి తినడం ఇక్కడి పద్ధతి. రెండు తిని మూడోది వద్దంటే ఆ ఇంటావిడ నొచ్చుకుంది. మూడోదీ తిన్నాను.

ఆగస్టు 9, శనివారం

పూలు వచ్చిన చోటు చూడకుండా ఊరికి వెళ్ళబుద్ధి కాలేదు. మామయ్య తోడు వచ్చారు. ప్రకాశం బ్యారేజీ మీదుగా వెళ్తుంటే, ఇక్కడ 1855లో కట్టిన పాత ఆనకట్ట ఉండేదనీ, అది దెబ్బతిన్నాక 1957కి ఇప్పటి బ్యారేజీ వచ్చిందనీ ఆయన చెప్పారు. పైన నిండుగా కృష్ణ. విజయవాడ ఊళ్ళోంచి పారే ఏలూరు, బందరు, రైవస్ కాలువలకు నీళ్ళు ఇక్కడివే.

మంగళగిరిలో దిగి, నిడమర్రుకు షేర్ ఆటో, మనిషికి ఇరవై. ఊరు దాటగానే ఒక మలుపు తప్పు తిరిగి అరటితోటలోకి వెళ్ళాం. తోట కాపలా అతను తనే ముందు నడిచి కనకాంబరం మడి దాకా దించి వెళ్ళాడు, టీకి డబ్బులిస్తే వద్దన్నాడు. మడి అరెకరం ఉంటుంది. మోకాలెత్తు మొక్కలు, ఆకుపచ్చ కంకుల మీద నారింజరంగు పూలు. నలుగురు ఆడవాళ్ళు నడుముకు ఒడిసంచి కట్టుకుని వంగి కోస్తున్నారు. కనకాంబరానికి వాసన లేదు కాబట్టి మడిలో నిలబడితే వచ్చేది తడి మట్టి వాసనే. నేనూ కోశాను. రేకు పట్టి లాగితే చిరుగుతుంది, కాడ మొదట్లో పట్టి పైకి తీయాలి. పావుగంటకు నా దోసిలి నిండలేదు, నడుము మాత్రం పట్టేసింది. పక్కావిడ ఒడిసంచి అప్పటికే బరువుగా ఊగుతోంది.

"మల్లెతోట అయితే రాత్రి రెండు, మూడింటికే తలకు లైటు కట్టుకుని కొయ్యాలి, మొగ్గ విచ్చకముందే. కనకాంబరం నయం, కళ్ళకు కనబడేటప్పుడే కోస్తాం" అంది ఆవిడ. మార్కెట్‌లో గురువారం 1,800 పలికిందని చెప్పాను. నలుగురూ ఒక్క క్షణం చేతులాపి ఒకరినొకరు చూసుకున్నారు. "మాకు కూలి రోజూ ఒకటేనమ్మా" అని ఒకావిడ అంది. మళ్ళీ వంగారు. నేను ఆ అంకె చెప్పకుండా ఉండాల్సింది.

వచ్చేస్తుంటే పెద్దావిడ ఎండిన కంకులు నాలుగు తెంపి కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది. "ఊరికి తీసుకెళ్ళు. గింజలు ఏరక్కర్లేదు. పళ్ళెంలో వేసి రెండు చుక్కలు నీళ్ళు చల్లు. అవే బయటికొస్తాయి" అంది.

కరీంనగర్ వచ్చిన మర్నాడు పొద్దున స్టీలు పళ్ళెంలో ఆ కంకులు పరిచి, నీళ్ళు చిలకరించాను. మా అమ్మాయి పక్కన గొంతుక్కూర్చుంది. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత టప్పుమని ఒక కాయ పగిలింది. గింజ ఎగిరి దాని మోకాలికి తగిలింది. ఇంకోటి, ఇంకోటి, పళ్ళెం అంచుకు ఠంగుమని తగులుతూ వంటింటి నలుమూలలకూ. ఫ్రిజ్ కింద, బియ్యం డబ్బా వెనక వెతికి పదిహేడు గింజలు పోగుచేశాం. మట్టికుండీలో నాటి, పేరు రాసిన పుల్ల గుచ్చింది మా అమ్మాయి. పుల్ల మీద "నిడమర్రు" అని రాసింది.